తాటిమట్ట కుంచె

పరుపులు ఎండేయడానికి డాబా ఎక్కిన దుర్గాంబ కళ్లల్లో ఏదో చురుక్కుమని గుచ్చుకుంది. పక్కింటి పెరట్లో పిల్లలెవరైనా అద్దం పట్టుకుని ఆడుతున్నారేమో అనుకుంది. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే అద్దం కాదు, ఇత్తడి. ఈతచాప మీద రెండు దీపపు సెమ్మెలు, ఒక బిందె, ఆరేడు చెంబులు, ఒక పూజ పళ్లెం. పది గంటల ఎండ వాటి మీద పడి, ప్రహరీ దాటి వచ్చి తిన్నగా ఈమె మొహాన కొడుతోంది.

వాటి మధ్య పీట వేసుకుని జాయిస్ కూర్చుని ఉంది.

దసరాకి ముందు వారం జగ్గయ్యపేటలో ఆ వీధి వీధంతా ఇళ్లు దులుపుకుంటుంది. అటకల మీది సామాను కిందకి దిగుతుంది, బూజుకర్రలు పైకి లేస్తాయి, కుంకుడుకాయలు ఉడికిన వాసన ప్రతి పెరట్లోనూ వేస్తుంది. ఆ వారం జాయిస్‌కి ఊపిరి సలపదు. ఏ రోజు ఎవరింటికి వెళ్లేదీ వినాయకచవితి నాడే ఖాయమైపోతుంది. సోమవారం మైథిలి ఇల్లు. బుధవారం దుర్గాంబ ఇల్లు. ఈ సంగతి దుర్గాంబకి తెలియంది కాదు. అయినా ఇలా పైనుంచి చూసేసరికి, తన పట్టుచీర పక్కింటి దండెం మీద ఆరుతుంటే చూసినట్టయింది.

పరుపుని పిట్టగోడ మీద అలాగే పడేసి నిలబడిపోయింది.

స్నానం పోసేటప్పుడు పసిపిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకున్నట్టు జాయిస్ సెమ్మెని ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఎడంచేత్తో తిప్పుతోంది. కుడిచేతిలో జానెడు కుంచె ఏదో ఉంది. సెమ్మె మెడ చుట్టూ ఉన్న గీతల్లోకి, అడుగున తామరరేకుల సందుల్లోకి దాన్ని దూర్చి, నల్లటి పిప్పి లాగి, నోటితో ఊది, మళ్లీ దూరుస్తోంది. తోమడం అయ్యాక ఒక చెంబు నీళ్లు పోసింది. నీళ్లు ఇంకా కారుతుండగానే పాత పంచె ముక్కతో ఒత్తి ఒత్తి తుడిచింది. ఎండలో నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూసుకుంది.

ఆ చూసుకోవడం దుర్గాంబకి గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ మనిషి తన ఇంట్లో చేస్తోంది. ఏనాడూ తన గుండిగ ఒక్కదాన్నీ అలా తల వంచి చూసిన పాపాన పోలేదు.

ఇంతలో వంటింటి గుమ్మంలోంచి మైథిలి వచ్చింది. ఉదయభాస్కర్ అనే కాలేజీ లెక్చరర్ భార్య. నైటీ మీద తువ్వాలు, జుట్టు ముడి, రెండు చేతుల్లో రెండు కప్పులు. రెండింటి మీదా నీలం పువ్వులే. ఒకటి జాయిస్‌కి అందించింది. జాయిస్ చెయ్యి చీరకి తుడుచుకుని, చేతిలోంచి చేతిలోకి కప్పు అందుకుంది. మైథిలి కూడా మెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు.

"ఏమే జాయిసూ!" దుర్గాంబ పిట్టగోడ మీంచి కేకేసింది. "బుధవారం గుర్తుందా, మాటల్లో మర్చిపోయావా?"

"ఎందుకు మర్చిపోతానమ్మా. ఏడింటికల్లా వచ్చేస్తా."

"అక్కడేం వేసి తోముతున్నావే, అట్టా కళ్లల్లో పడుతున్నాయి?"

"మీ ఇంట్లో ఏసేదేనండి. చింతపండు, ఉప్పు, ఇటికపొడి."

మైథిలి మెడ పైకెత్తి చెయ్యి ఊపింది. "దిగి రాకూడదూ దుర్గాంబగారూ! కాఫీ తాగుతూ చూద్దురుగాని."

"నాకెక్కడ తీరుద్దమ్మా, ఇల్లంతా కుప్పలో ఉంది," అంది దుర్గాంబ. అని, కిందకి దిగకుండా ఇంకో పావుగంట అక్కడే నిలబడింది.

శుక్రవారం పాడ్యమి. ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా లలిత చదవడానికి మైథిలి ఇంటికి వెళ్తారు. శనివారం దుర్గాంబ ఇంట్లో పేరంటం. మైథిలి వాళ్లు ఈ వీధికొచ్చి మూడేళ్లే. అంతకుముందు ఈ వీధిలో ఇత్తడి అంటే దుర్గాంబగారి ఇత్తడి. నీళ్లు నిండితే ముగ్గురు మనుషులు పడితేగాని లేవని గుండిగలు, మోకాలెత్తు సెమ్మెలు. తాంబూలం పుచ్చుకునేవాళ్లు ముందు వాటిని చూసి, ఆ తర్వాత అమ్మవారిని చూసేవాళ్లు. ఈసారి శుక్రవారం అక్కడ చూసిన కళ్లతోనే శనివారం వచ్చి ఇక్కడ చూస్తారు. పోయినేడే ఎవరో అననే అన్నారు, "మీ సెమ్మెలు పాతబడ్డట్టున్నాయి వదినా" అని. ఇత్తడి పాతబడ్డమేంటి!

*

ఆ సాయంత్రం కోడలు ఆమని నందిగామలో బ్యాంకు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోను అత్తగారి ముందు పెట్టింది.

"చూశారా అత్తయ్యా, మైథిలి ఆంటీ అప్పుడే వీడియో పెట్టేసింది. మా బ్యాంకులో అందరూ చూశారు."

ఫోన్లో పక్కింటి పెరడు. మైథిలి గొంతు తియ్యగా చెబుతోంది. "నమస్తే అండీ. ఒక్క చుక్క కెమికల్ లేకుండా మన ఇంట్లో ఉన్నవాటితోనే పండక్కి ఇల్లు ఎలా మెరిపించాలో చూద్దామా." గాజు పలకలకి కట్టెల బూడిద. గుమ్మాలకి కుంకుడు పులుసు. చీమల దారికి పసుపు, కర్పూరం. మాట మైథిలిది. చూపించే చేతులు మాత్రం జాయిస్‌వి. మట్టిగాజులు, బొటనవేలి మీద కాలిన మచ్చ, దుర్గాంబ ఎక్కడున్నా గుర్తుపట్టే చేతులు. మొహం ఒక్కసారి కూడా రాలేదు.

"ఇక ఇత్తడికి మా ఇంటి సీక్రెట్ చెప్పనా?" అంది గొంతు. చేతులు ఒక కుంచెని ఎత్తి చూపించాయి. "తాటిమట్ట కుంచె! ఏ బ్రష్షూ దీని ముందు పనికిరాదండీ."

దుర్గాంబ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. తాటిమట్ట చివర నాలుగు వేళ్ల మేర నలగ్గొట్టి, పీచు విడదీసి, మొదట్లో సుతిలి తాడుతో బిగించి కట్టిన కుంచె. పట్టుకునే చోట నల్లగా, నున్నగా అరిగి ఉంది.

"దీని ముందు పనికిరాదట," అంది మెల్లగా. "మన ఇంటికి ఏనాడన్నా తెచ్చిందా ఇది?"

అరుగు మీద మిరప నారు సంగతి ఎవరితోనో మాట్లాడి ఫోను పెట్టేసిన చిన్నబాబు లోపలికి తొంగి చూశాడు. "అది గోడలకి సున్నం కొట్టే కుంచే కదే. జాయిస్ మామ శాంతయ్య అట్టాంటివాటితోనే ఈ ఇల్లంతా కొట్టాడు మా నాన్న ఉండగా."

"ఏ కుంచైతే ఏం, మనకెందుకు తేలేదూ అంట."

"అడిగావా?"

"ఇరవై రెండేళ్లు చేసే మనిషిని అడగాలా?"

"అడక్కపోతే దానికెట్టా తెలుసుద్ది నీకు కుళ్లుగా ఉందని?" అని చిన్నబాబు నవ్వి, భార్య మొహం చూసి, టవలు భుజాన వేసుకుని మళ్లీ అరుగు మీదకి పోయాడు.

దుర్గాంబ ఆ వీడియో ఇంకో రెండుసార్లు పెట్టించుకుని చూసింది. రెండోసారి గొంతు వినలేదు. కుంచె తిరిగే తీరే చూసింది.

*

మంగళవారం పదకొండింటికి కుంకుమభరిణె పట్టుకుని పక్కింటికి వెళ్లింది. పేరంటానికి పిలవడానికి శుక్రవారం దాకా ఆగొచ్చు. ఆగలేదు.

మైథిలి హాల్లో నేల మీద పుస్తకాల మధ్య కూలబడి ఉంది. "రండి రండి. చూడండి నా అవస్థ. దించడం దించాను, ఎక్కించడం తెలియట్లేదు." దుర్గాంబ బొట్టు పెట్టి, శనివారం రమ్మని చెప్పి, దేవుడి గదిలోకి తొంగి చూసింది. సెమ్మెలు రెండూ అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాధగా ఉన్నాయి. గీత గీతలోనూ బంగారు తీగ పెట్టి ఇమిడ్చినట్టుంది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. చింతపండే.

"దించడం, తోమడం, మళ్లీ సర్దడం అంతా ఎవరు?"

"ఇంకెవరండీ, జాయిసే. నాకు నడుం నొప్పి కదా."

"లోపలికొచ్చి?"

"అటక లోపలేగా ఉంది!"

"దేవుడి గదిలోకి కూడానా?"

"మరి వీటిని వీధిలో పెట్టించనా?" అని మైథిలి నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందేమోనని దుర్గాంబ వెతికింది. దొరకలేదు. దొరికుంటే కాస్త హాయిగా ఉండేది.

"ఒక్క నిమిషం, కాఫీ పెడతా," అని మైథిలి స్టవ్ దగ్గరికి నడిచి, పాలు లేవని గుర్తొచ్చి, పాలపొడి కోసం వెనక స్టోర్‌రూములోకి వెళ్లింది.

వంటింటి కిటికీ చట్రంలో కుంచె ఆరబెట్టి ఉంది.

"అది జాయిస్‌దేనా?" దుర్గాంబ గొంతు పెంచి అడిగింది.

"ఏదీ, కుంచా? ఆఁ. గురువారం వచ్చి కిటికీ చువ్వలు తోముతానని ఇక్కడే పెట్టి వెళ్లింది," లోపల్నుంచి సమాధానం వచ్చింది.

పెట్టి వెళ్లింది. తన వస్తువు ఇక్కడ నమ్మి పెట్టి వెళ్లింది. దుర్గాంబ ఇంట్లో పని అయ్యాక జాయిస్ తన సంచీ, తన గుడ్డ, చివరికి తన తలకి చుట్టుకున్న తువ్వాలు కూడా ఏదీ మర్చిపోకుండా పట్టుకుపోతుంది.

ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ముందుకి వెళ్లింది. కుంచె తేలిగ్గా ఉంది, ఎండిన కట్టెపుల్లలా. కొంగు మడతల్లోకి దోపి, దాని మీద కుంకుమభరిణె పట్టుకుంది.

"పాలపొడి కూడా అయిపోయిందండీ, నా మతిమరుపు మండ," అంటూ మైథిలి వచ్చేసరికి దుర్గాంబ గుమ్మం దగ్గరుంది. "పోనీలెమ్మా, పొయ్యి మీద కుంకుళ్లు పెట్టొచ్చా," అంది.

రెండు ఇళ్ల మధ్య ముప్ఫై అడుగులుంటాయేమో. నెత్తి మీద నిండు బిందె పెట్టుకున్నట్టు నడిచింది. ఇంట్లోకి రాగానే కుంచెని బియ్యం డబ్బాలోకి దూర్చి మూత పెట్టింది. జాయిస్ అడుగు పడని చోటు అదే. వసారా దాటి జాయిస్ ఏనాడూ రాలేదు. రెండేళ్ల కింద వెండి గిన్నె కనపడకపోతే జాయిస్ సంచీ దులిపి చూపించిందీ ఆ వసారాలోనే. గిన్నె తర్వాత బీరువాలో దొరికింది. ఎందుకో అది ఇప్పుడు గుర్తొచ్చింది. మూత ఇంకోసారి నొక్కింది.

*

బుధవారం తెల్లవారి, చిన్నబాబు పొలం వెళ్లగానే, ఆమని ఇంకా లేవకముందే, దుర్గాంబ పెరటి తలుపు గడియ వేసి, సెమ్మెల జతలో ఒకదాన్ని కుళాయి దగ్గరికి ఈడ్చుకొచ్చింది. పాత చింతపండు రాత్రే నానబెట్టింది. ఇటిక కూడా ఆషామాషీది కాదు, పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దాచిన ఎర్రటి ఇటిక. మెత్తగా నూరి జల్లించింది. అంతా సిద్ధం చేసుకుని కుంచె బయటికి తీసింది. అలవాటుగా పసుపు నీళ్ల చెంబు ఎత్తింది దాని మీద పోద్దామని. తడిస్తే పీచు మెత్తబడి పదును పోతుందేమోనని ఆగింది. చెంబు దించేసింది.

కుంచె నిజంగానే మాట వింది. వేలు పోని చోటల్లా పోయింది. ఎన్నేళ్ల నాటిదో చిలుము ఊడొచ్చింది. దుర్గాంబ చెమటలు కక్కుతూ గంటసేపు తోమింది. తనకి తెలియకుండానే సెమ్మెని ఒళ్లో పెట్టుకుంది. ఒక చెంబు నీళ్లు పోసి, చిన్నబాబు పాత పంచెతో పొడిగా తుడిచి ఎత్తి చూస్తే, ఆమె పెళ్లికొచ్చిన నాడు అత్తగారి వాకిట్లో చూసిన సెమ్మె. అదే సెమ్మె. కళ్లు చెమ్మగిల్లాయి. దాన్ని తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టి, కుంచెని బియ్యంలోకి దూర్చి, ఏమీ ఎరగనట్టు గడియ తీసింది.

ఏడింటికి జాయిస్ వచ్చింది. మొహం వాడి ఉంది.

"ఏమే, ఒంట్లో బాలేదా?"

"ఒళ్లు బానే ఉందమ్మా. నా కుంచె పోయింది. మైథిలమ్మగారి కిటికీలో పెట్టా. పొద్దున్నే అటు ఎల్తే లేదు. ఆవిడ పాపం అలమార్లన్నీ తిరగేస్తన్నారు."

"ఎలకలు లాక్కెళ్లుంటాయిలే."

"ఎలకలకి తాటిపీచు ఏం రుచండి," అంది జాయిస్. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంటూ, "మా మావ చేసిందది. చూపు పోకముందు ఆకర్న చేశాడు. ఇప్పుడు మట్ట చేతికిచ్చినా రాయి ఏలు మీద ఏసుకుంటాడు. ఇంకోటి అవదు," అంది.

దుర్గాంబ మాట మార్చింది. "మైథిలిగారు నిన్ను వీడియో తీసిందటగా. చేతులు చూపించి ఊరుకుంది, మొహం చూపించలేదేమే?"

"మొహంతో తోముతామా అమ్మా," అని జాయిస్ పీట లాక్కుంది.

పెరట్లో నాపరాళ్ల మీద సామాను బారులు తీరి ఉంది. మూడు గుండిగలు, రెండు బిందెలు, కాగు, పళ్లేలు, చెంబులు, జతలో మిగిలిన సెమ్మె. చివర్న గోడ గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసు. అది జాయిస్ టీ గ్లాసు. దుర్గాంబ కొత్త కొబ్బరిపీచు చుట్ట పైనుంచి పడేసింది. జాయిస్ దాన్ని నీళ్లలో ముంచి, పిండి, పని మొదలుపెట్టింది.

ఈ ఇంట్లో ఆ పనికో వరస ఉంది. జాయిస్ ఒకటి తోమి, నీళ్లు పోసి, తుడిచి, చెయ్యి చాచబోతే, "చేతికివ్వకు, అక్కడ పెట్టు," అంటుంది దుర్గాంబ. జాయిస్ చాప మీద పెడుతుంది. దుర్గాంబ పక్కన పసుపు కలిపిన బకెట్లోంచి రాగిచెంబుతో ముంచి, బారెడు ఎత్తు నుంచి దాని మీద పోస్తుంది. లోపలోసారి, బయటోసారి. అప్పుడు ముట్టుకుని, వసారాలో వరసగా బోర్లిస్తుంది. తుడవదు. ఆ నీళ్లు వాటంతటవే ఆరాలని ఆమె అత్తగారు చెప్పింది. అత్తగారికి ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. ఈ నేలంతా సున్నపురాయి. బోరు నీళ్లు నెల తిరక్కుండా కుళాయి మూతి మీద తెల్లగా గడ్డకడతాయి. ఇంట్లో కుళాయిలకి మాత్రం వారానికోసారి దుర్గాంబే నిమ్మడిప్పలు పెట్టి రుద్దుతుంది.

పన్నెండు దాటేసరికి చివరిది, జతలో రెండో సెమ్మె అయింది. నీళ్లు పోసి, అరగంట ఆరనిచ్చి, దుర్గాంబ దాన్ని మోసుకెళ్లి దేవుడి గదిలో మొదటిదాని పక్కన నిలబెట్టింది.

నిలబెట్టి, బొమ్మలా ఉండిపోయింది.

ఒకటి పెళ్లికూతురు. ఇంకోటి దాని నాయనమ్మ. మొదటిది నిగనిగలాడుతుంటే రెండోదాని మీద తెల్లటి మచ్చలు, నీళ్ల చారలు, గీతల్లో ఎర్రడాలు తిరిగిన పసుపు. వసారాలోకి పరిగెత్తి చూసింది. గుండిగలు, బిందెలు, అన్నీ అలాగే ఉన్నాయి. ప్రతి ఏడూ ఇలాగే ఉంటాయి. ఇన్నాళ్లూ పక్కన పెట్టి చూడ్డానికి ఏమీ లేదు.

రెండు సెమ్మెల్నీ రెండు చంకల్లో పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. జాయిస్ నీడలో కూర్చుని క్యారేజీ మూత తీస్తోంది.

"చూడవే! రెండూ ఒక జతే. ఒక్కరోజు కొన్నవి. ఇది నేను తోమా. ఇది నువ్వు తోమావు. అక్కడైతే ఒళ్లో పెట్టుకుని తోముతావు, తల వంచుకుని చూసుకుంటావు. నా సామానంటే నీకు ఇంత అలుసా?"

జాయిస్ క్యారేజీ మూత మళ్లీ పెట్టేసింది. లేచి వచ్చి, మొదటి సెమ్మె ముందు గొంతుక్కూర్చుంది. ముట్టుకోలేదు. తామరరేకుల సందుల్లోకి చూసింది. అక్కడ సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలుగా ఉన్నాయి. కొబ్బరిపీచు అక్కడికి వెళ్లదు. చాలాసేపు చూసింది.

"బాగా తోమారమ్మా," అంది. "దేంతో తోమారు?"

"చింతపండుతో."

"అది తెలుస్తానే ఉందండి." గీతల మీంచి చూపు తియ్యకుండానే అడిగింది. "దీనికి పసుపు నీళ్లు పోశారా?"

"నేను తోమిందానికి నీళ్లెందుకే?"

అనేసింది. గోడవతల మైథిలి ఇంట్లో కుక్కర్ కూత పెట్టింది.

జాయిస్ రెండో సెమ్మెని దగ్గరికి లాక్కుని, మిగిలిన చింతపండు పిప్పితో పైపైన రుద్దింది. ఒక చెంబు మంచినీళ్లు పోసి, కారకుండానే గుడ్డతో ఒత్తింది. మొదటిదాని పక్కన పెట్టింది. సందుల్లో నలుపు ఉందిగాని ఒంటి మీద రెండూ ఒకటే.

"నేను తోమినప్పుడు ఇట్టాగే ఉంటయ్యండి," అంది. "ఎండలో పెట్టి చూసుకునేదాకా ఉంచరుగదా మీరు."

"మరి ఇన్నేళ్లు చెప్పవేం?"

"ఏమని చెప్పేదమ్మా? నీళ్లు పొయ్యొద్దనా?"

దుర్గాంబ బకెట్ వంక చూసింది. పసుపు అడుగున పేరుకుంది. రాగిచెంబు నీళ్ల మీద తేలుతోంది. ఒక్క చెంబు పోస్తే పద్ధతి నిలుస్తుంది. పొయ్యకపోతే శనివారం నిలుస్తుంది. శుక్రవారం మైథిలి సెమ్మెలు చూసి వచ్చే ఆడవాళ్లందరి కళ్లూ ఒక్కసారి కనిపించాయి. ఆమె వంగి, పొడిగా ఉన్న రెండో సెమ్మెని అలాగే, ఉత్తచేతులతో ఎత్తి అరుగు మీద పెట్టుకుంది.

జాయిస్ అది చూసింది. చూడనట్టు గుడ్డ దులుపుకుంది.

"మిగతావి కూడా మళ్లీ తోమాలి కదే," అంది దుర్గాంబ. గొంతులో ఎప్పటి అధికారం లేదు.

"పొద్దు వాలుద్దండి. మూడింటికి ఇంకో ఇంటికి ఎల్తానని చెప్పా."

"అట్టా అనకే. శనివారం పేరంటం పెట్టుకుని..."

"పీచుతో అయితే చీకటి పడుద్ది." జాయిస్ సెమ్మె అడుగున రేకుల వైపే చూస్తూ అంది. "కుంచె ఉంటే గంటలో అయిపోద్దమ్మా. ఒక్కసారి తెండి."

పోయిందన్న వస్తువు గురించి కాదు, ఇంట్లో ఉన్న జల్లెడ ఏదో తెమ్మన్నట్టు అడిగింది.

దుర్గాంబ కొంగు సర్దుకుంది. ఏ కుంచె, అనొచ్చు. నాకేం తెలుసు, అనొచ్చు. ఆ మాట మీద నిలబడితే అడిగేవాళ్లెవరూ లేరు. దుర్గాంబగారి సంచీ దులపమనేవాళ్లు ఆ వీధిలోనే లేరు. కాళ్లు మాత్రం వంటింటి వైపు కదిలాయి. బియ్యం డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది. చల్లటి బియ్యంలో కాసేపు ఏదీ తగల్లేదు. ఆ కాసేపు ఎంత బాగుందో. తర్వాత తగిలింది.

పెరట్లోకి వచ్చి, "ఇది... నిన్న మైథిలిగారింట్లో..." అంది. కుంచె పట్టుకున్న చెయ్యి చాచింది.

జాయిస్ చెయ్యి చాచలేదు.

"అక్కడ పెట్టండమ్మా," అంది.

మెత్తగానే అంది. దుర్గాంబ వంగి, కుంచెని నాపరాయి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

జాయిస్ లేచింది. బకెట్లో తేలుతున్న రాగిచెంబు అందుకుంది. ఇరవై రెండేళ్లలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. నిండా ముంచి, బారెడు ఎత్తు నుంచి కుంచె మీద పోసింది. కాలి బొటనవేలితో దాన్ని తిరగేసి, రెండోవైపు పోసింది.

"బియ్యపు గింజలు ఇరుక్కున్నయ్యండి," అంది, ఎవరితోనో అన్నట్టు.

పీచులోంచి మూడు గింజలు జారి, పసుపు నీళ్లతో పాటు నాపరాయి మీద కొంచెం దూరం కొట్టుకుపోయి ఆగాయి. జాయిస్ కుంచెని తుడవలేదు. నీళ్లు వాటంతటవే ఓడేదాకా నిలబడింది. దుర్గాంబ ఆ గింజల వంక చూస్తూ నిలబడింది.

నీళ్లు ఓడాక జాయిస్ కుంచె తీసుకుని, పీట మీద కూర్చుని, పెద్ద గుండిగని ఒళ్లోకి లాక్కుంది.